ఉర్లగడ్డ సంగటి

నిన్న పొద్దున దంతాల డాక్టరు నా కింది దవడలో అరిగిపోయిన పన్ను ఒకటి పీకేసి, ఆ సందులో దూది కుక్కి, నాలుగు రోజులు మెత్తటివే తీసుకోమన్నాడు. సూప్ లాంటివి మంచివన్నాడు. నోటి నిండా దూది పెట్టుకున్న మనిషి తలాడించడం తప్ప ఏం చేయగలదు, ఆడించి బయటపడ్డాను. దారిలో ఆటో ఆపించి తోపుడుబండి మీద బంగాళాదుంపలు, మా వైపు మాటలో ఉర్లగడ్డలు, కొన్నాను. బండి అతను ధర చెప్పాడు. పెళ్ళయి తిరుపతికి వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్ళో నేను బేరమాడకుండా కూరగాయ కొన్నది ఇదే మొదలు. మౌనంగా సంచీ చాపేసరికి అతనికే ఏదో అనుమానం వచ్చినట్టుంది, అడక్కుండానే గుప్పెడు కరివేపాకు కొసరేశాడు.

ఇంటికొచ్చి దుంపలు ఉడకేసి, ఇంత మిరియాలూ జీలకర్రా దంచాను. ఉడుకుతున్న దుంపల వాసనకు పెద్ద గొప్పేమీ ఉండదు. తడిసిన మట్టికీ పాలకూ మధ్య ఎక్కడో ఉంటుంది. కానీ దానికి మిరియం ఘాటు తోడై, చెంచాడు నెయ్యిలో వెల్లుల్లి రెబ్బ ఒకటి చిటపటమంటే మాత్రం మనసు కుదుటపడుతుంది. అందరికీ సూప్ అనగానే హోటలూ, పింగాణీ గిన్నే, పైన చల్లిన కొత్తిమీరా గుర్తుకొస్తాయేమో. నాకు వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే సంగటి కెలికే కట్టె గుర్తుకొస్తుంది. అది మా అత్తది. అత్త అంటే మా నాయనకు అక్క. ఆ కట్టె మా ఇంటికొచ్చిన వానాకాలం గురించి చెప్పాలంటే ముందు మా నాయన గురించి చెప్పాలి.

మా నాయన చంద్రగిరి అవతల పల్లెలో చెరుకూ వేరుశనగా పండించిన మనిషి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రాగి సంగటి తిన్నాడు. అన్నం మీద ద్వేషం లేదు గానీ గౌరవం కూడా లేదు. పళ్ళెంలో వేడి సంగటి ముద్ద, దాని నడుమ బొటనవేలితో నొక్కిన గుంట, ఆ గుంటలో పులుసో పప్పో, అంచు నుంచి తుంచుకుని ముంచుకుని నమలకుండా మింగడం, ఇదీ ఆయన దృష్టిలో తిండి. మిగతావన్నీ కాలక్షేపం. ఇక గంజి, జావ, పాలలో నానేసిన రొట్టె వంటివి మంచం పట్టినవాళ్ళ కోసం దేవుడు పుట్టించాడని ఆయన నమ్మకం. అటువంటి మనిషికి ఒక వానాకాలం తెల్లవారేసరికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, మూతి కొంచెం వంకర పోయింది. అమ్మ అంతకు చాలా ముందే పోయింది గనక నేనే తిరుపతికి తెచ్చి ఆసుపత్రిలో చేర్చాను. మందులతో కాలు త్వరగానే కదిలింది. మాట ముద్దగా అయినా తిరిగి వచ్చింది. రానిది ఒక్కటే, మింగడం. గొంతు మొండికేసింది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలూ జావా దాని గుండా పోసేవాళ్ళు. గంజిని ఈసడించిన మనిషికి దాని రుచైనా తెలియకుండా గంజి పోయడం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మింగడం నేర్పించే అమ్మాయి ఒకతె నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. నీళ్ళలాగా పల్చగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతుందట, ముద్దలా గట్టిగా ఉంటే గొంతులో ఆగుతుందట. జారుగా, ఉండలు లేకుండా, చిక్కటి మజ్జిగకంటే ఇంకొంచెం చిక్కగా ఉండాలట. అన్నిటికన్నా ముఖ్యం, మింగేటప్పుడు గడ్డం కిందికి దించాలట, తల వెనక్కి వాల్చకూడదట. బంగాళాదుంప సూప్ చేసి చూడమంది. డాక్టరు మాత్రం సూటిగా చెప్పాడు. మళ్ళీ చూపించుకునే లోపల నోటితో సరిపడా తినగలిగితే ముక్కులో గొట్టం తీసేస్తాం, లేకపోతే కడుపుకు చిన్న రంధ్రం చేసి అక్కడ పెడతాం అన్నాడు. నాయన గోడవైపు చూస్తూ కూర్చున్నాడు, వినలేదనుకున్నాను. ఆటోలో ఎక్కాక బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని, ఒక్కో మాటా కూడదీసుకుని, "కడుపుకు బెజ్జం వద్దు అమ్మణ్ణీ" అన్నాడు. పొలం మునిగినప్పుడు కూడా ఆయన గొంతులో అంత భయం వినలేదు నేను. "అట్లా కానీను లే నాయనా" అన్నాను. చెప్పానే గాని ఎట్లా కానీయకుండా ఉంటానో నాకు తెలియదు.

మా ఆయనకు కొండ మీద బొమ్మల అంగడి. పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టాక గాని దిగడు. పగలంతా ఇంట్లో నేనూ నాయనా ఆ గొట్టమూ. దుంపలు మెత్తగా ఉడికించి, చిదిమి, జల్లెడ పట్టి, పాలు పోసి, వెన్నపూస వేసి చెంచాతో నోటి దగ్గర పెడితే పెదాలు బిగించేవాడు. కూతురి చేత నోట్లో పెట్టించుకోవడం ఆయనకు చేతకాలేదు. బతిమాలాను, కోప్పడ్డాను, హాస్టల్లో ఉన్న మనవళ్ళ మీద ఒట్టు పెట్టాను. చివరికి, నీ చేత్తో నువ్వే తాగు అని స్టీలు గ్లాసులో పోసి కుడిచేతికి ఇచ్చాను. తేలిగ్గా తాగుతాడని ఇంకాస్త పల్చన కూడా చేశాను. అక్కడే తప్పు జరిగింది. మా ఇళ్ళలో గ్లాసు పెదాలకు ఆనించి తాగేవాళ్ళు లేరు. ఎంగిలవుతుందని ఎత్తి పోసుకుంటాం. అది నాయనకు ఊపిరి పీల్చడమంత అలవాటు. గ్లాసు చేతికి రాగానే తల వెనక్కి వాల్చి, గడ్డం ఆకాశానికి ఎత్తి, జానెడు ఎత్తు నుంచి సూప్ ధార పోసుకున్నాడు. ఆ అమ్మాయి ఏది చేయొద్దని మరీ మరీ చెప్పిందో సరిగ్గా అది.

తర్వాత జరిగింది తలుచుకోవడం ఇప్పటికీ ఇష్టం లేదు. పొలమారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, ముఖం నల్లబడింది, కళ్ళు బయటికి వచ్చాయి. ముందుకు వంచి వీపు చరిచాను. కొంతసేపటికి ఊపిరి కుదురుకుంది గాని ఆ పూట నుంచి ఆయన దేన్నీ నోటి దాకా రానివ్వలేదు. గ్లాసు చూస్తే చాలు ముఖం పక్కకు తిప్పేవాడు. నేనూ భయపడిపోయాను, నిజం చెప్పాలంటే ఆయనకంటే ఎక్కువ. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు దగ్గర పడుతోంది.

అప్పుడు దిగింది మా అత్త. నాయనకంటే పెద్దదే అయినా గుంజలాగా నిటారుగా ఉండేది. ఒక చేతిలో గుడ్డసంచీ, ఇంకో చేతిలో పాతచీర ముక్కలో చుట్టిన పొడుగాటి కట్టె. బస్సులో కండక్టరు అదేమిటని అడిగాడట. "ఊరికే అడిగేవాళ్ళకు రెండు పెట్టేదానికి" అని చెప్పిందట, అతను మళ్ళీ అడగలేదట. టౌను వంటిళ్ళలో సంగటి కెలికే కట్టె ఉండదని ఆమెకు గట్టి అనుమానం. మా వంటింట్లో నిజంగానే లేదు. తమ్ముడి తల మీద చెయ్యి వేసి, ముక్కులోని గొట్టాన్ని చూసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని లోపలికి వచ్చింది.

"ఏం పెడతా ఉండావే వానికి?" అంది.

"ఉర్లగడ్డ సూపు అత్తా. రోంత సిక్కంగా ఉండాలంట. నీళ్ళ మాదిరి ఉంటే పొలమారతాదంట."

"సిక్కంగానే గదా. ఆ మాత్రం నాకు తెలీదా. నువ్వు లెయ్యి."

లేచి నిలబడ్డాను. ఉడికిన దుంపలు గిన్నెలో వేసి, గిన్నెను రెండు పాదాల నడుమ ఇరికించుకుని, ఆ కట్టెతో ఆమె కెలకడం మొదలుపెట్టింది. సంగటిలో ఉండ మిగిలితే ఇంటికి అప్రతిష్ఠ అని పెరిగిన చెయ్యి అది, ఆగదు. చాలు అత్తా అన్నాను. వినలేదు. దుంపను అంతసేపు కెలికితే ఏమవుతుందో ఆమెకేం తెలుసు, జిగురెక్కి బంకలా సాగడం మొదలైంది. అది చూసి ఆమె ఇంకా సంతోషపడింది. చేతులు తడి చేసుకుని, ఆ బంకనంతా ఒక్క ముద్దగా చేసి పళ్ళెంలోకి బోర్లించింది. పల్చన చేసి నేనొకసారి ప్రాణాల మీదికి తెచ్చాను, ఇప్పుడీమె ముద్ద చేసి తెస్తోంది.

"అత్తా, అది గొంతులో ఇరుక్కుంటాది. సూపు అంటే సంగటి కాదు."

"సూపయితే ఏమి, ఇంగోటయితే ఏమి. మొగోడు గలాసులో పోసుకోని తాగేది కూడా ఒక కూడేనా? పళ్ళెంలో పెట్టు, తింటాడు."

అని ముద్ద నడుమ బొటనవేలితో గుంట నొక్కింది. గుంటలో పోయడానికి పులుసు లేదు. పొయ్యి మీద, గొట్టంలో పోయడానికని పొద్దున నేను చేసిన సూప్ ఉంది, పాలు పోసి, పల్చగా, ఎవరూ తాకకుండా. గరిటెతో అది తీసి గుంట నిండా పోసింది, పొర్లి పళ్ళెమంతా పారింది. నాయనను కుర్చీలో కూర్చోబెట్టి, ముందున్న స్టూలు మీద పళ్ళెం పెట్టింది. పక్కన నిలబడబోయిన నన్ను మాత్రం కసిరింది. "వాని మొగం సూస్తా నిలబడితే దిష్టి తగల్తాది. నువ్వు లోపలికి పో."

మా ఇంటివాళ్ళకు ఇదొకటి. తినేవాడి నోటివంక చూడకూడదు. పొలమారితే పట్టుకోవాలి అత్తా అన్నా వినే మనిషి కాదు. వంటింట్లోకి వచ్చి తలుపు వెనక నిలబడ్డాను. కళ్ళు మూసుకుని దగ్గు కోసం చెవి ఒగ్గాను. బయట వాన పడుతోంది, దాన్ని తిట్టుకున్నాను వినబడనివ్వడం లేదని. దగ్గు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. అది మంచికో చెడుకో తెలియక ఉండబట్టలేక తలుపు సందులోంచి చూశాను.

నాయన తినడం లేదు, పిసుకుతున్నాడు. సంగటి మరీ గట్టిగా ఉంటే పులుసులో చిదిమి కలుపుకునే అలవాటు ఆయనకు. ఆ బంకముద్దను చూసి, ఇదేం సంగటి అన్నట్టు ఒకసారి అక్క వంక చూసి, కుడిచేత్తో చిదుముతూ నా పల్చటి సూప్‌లోకి కలుపుతున్నాడు. కలిపి కలిపి అది జారుగా అయింది, చిక్కటి మజ్జిగకంటే ఇంకొంచెం చిక్కగా. ఎడమ చెయ్యి ఆసరాకు రాదు గనక పళ్ళెం మీదికి బాగా వంగాడు. గడ్డం గుండెకు ఆనింది. ఆసుపత్రి అమ్మాయి చూస్తే మెచ్చుకునేది. నాలుగు వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. గొంతులో ముడి పైకి లేచింది, కిందికి దిగింది. ఊపిరి బిగబట్టాను. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ దిగింది. పళ్ళెం అంచు తుడిచి, వేళ్ళు నాకి, తల ఎత్తకుండానే ముద్దమాటల్తో, "ఇంగ రోంత పులుసు పొయ్యండి" అన్నాడు.

నేను అక్కడే, వంటింటి గడప మీద కూలబడి ఏడ్చాను. అంత హాయిగా నేను ఏడ్చింది ఆ ఒక్కరోజే. అత్త వచ్చి గిన్నె తీసుకుంటూ, "దిష్టి పెట్టొద్దంటే ఏడుస్తా ఉండావే" అంది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. పొయ్యి సెగ అంది. పొయ్యి ఆర్పి చాలాసేపయింది.

ఆ తర్వాత రోజూ అదే. ఆమె ముద్ద చేసేది, నేను పల్చటిది చేసేదాన్ని, ఆయన రెండూ కలుపుకునేవాడు. ముందే కలిపి పెడతాం అంటే ఒప్పుకోలేదు. కలుపుకోవడంలోనే ఉందంతా అన్నాడు. ఆసుపత్రిలో ఆ అమ్మాయి, ఏం పెట్టారు, ఎట్లా పెట్టారు అని అడిగితే అత్త ముందుకు వచ్చి ఉర్లగడ్డ సంగటి అని చెప్పింది. ఆ అమ్మాయి నా వంక చూసింది. ముద్దా సూపూ పళ్ళెంతో సహా తెచ్చామని చెప్పాను. తన ముందే నాయనను కలుపుకుని తిననిచ్చి, గొంతు మీద వేళ్ళు పెట్టి చూసి, నవ్వి, లోపలికి వెళ్ళి డాక్టరుకు చెప్పింది. గొట్టం బయటికి వచ్చాక నాయన ముక్కు రుద్దుకుని, చేసిన మొదటి పని కడుపు తడిమి చూసుకోవడం. అత్త ఊరికి వెళ్తూ కట్టెను మాత్రం ఇక్కడే వదిలింది. వాడు మళ్ళీ సంగటికి వచ్చేదాకా ఉండనీ అంది. మా నాయన సంగటికి వచ్చి చాలా కాలమైంది, కట్టె వెనక్కి పోలేదు.

నిన్న మధ్యాహ్నం హాల్లో ఆయన తన కుర్చీలో కూర్చుని రాగి సంగటి, వేరుశనగ చెట్నీ తింటున్నాడు. ఎదురుగా నేను దూది తీసేసి, దవడ పట్టుకుని నా సూప్ గ్లాసులో పోసుకుని కూర్చున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది, గ్లాసు పైకెత్తాను. ఆయన తలెత్తి చూశాడు.

"గడ్డం దించుకోని తాగు అమ్మణ్ణీ, పొలమారతాది" అన్నాడు. అని తన పళ్ళెం మీదికి వంగాడు.

గ్లాసు దించి పెదాలకు ఆనించుకుని తాగాను. ఆయన ఎంత తిన్నాడో, ఎన్నిసార్లు మింగాడో నేను చూడలేదు. ఒకప్పుడు తలుపు చాటున ఊపిరి బిగబట్టి చూసినదాన్ని ఇప్పుడు చూడకుండా వదిలేయగలుగుతున్నాను, కాలం నాకు ఇంతకంటే మేలు ఏమీ చేయనక్కర్లేదు.