అరుంధతి ఉన్న దిక్కు

2016 జూన్ 4, శనివారం, అమావాస్య. యూటా ఎడారిలో, దగ్గరి ఊరికి నలభై మూడు మైళ్ల దూరంలో ట్రైపాడ్ నిలబెట్టాను. రాత్రి ఆకాశాన్ని ఫోటో తీయడం నా వృత్తి అయి అప్పటికి పదకొండేళ్లు. ప్రతి రాత్రి వివరాలూ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆ పేజీ ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

ఆ రోజు వచ్చింది తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరోలో ఉండే రామారావుగారు, ఆయన భార్య విజయగారు. ఆయనకు చూపు తగ్గిపోతోంది. నక్షత్రాలు కనిపించడం అప్పటికే మానేశాయి. పగటి చూపు ఇంకో ఏడాది నిలిస్తే గొప్పేనని డాక్టరు చెప్పారట. "నక్షత్రాల కింద మా ఇద్దరి ఫోటో కావాలండి. పెద్ద ప్రింటు చేసివ్వండి, పగలు చూసుకుంటాను" అని ఫోన్‌లో అన్నారు. అందరూ కోరేది పాలపుంతే కదా అని నేను ఇంకేమీ అడగలేదు.

పాలపుంత దక్షిణాన ఉంటుంది. ఆ వైపు ఎర్రరాతి గుట్ట ముందు ఇద్దరినీ నిలబెట్టాను. ఎక్స్‌పోజర్, అంటే షట్టర్ తెరిచి ఉంచే సమయం, లెక్క సులువే. నా లెన్స్ 24 మిల్లీమీటర్లది. మా ఫోటోగ్రాఫర్ల బండలెక్క ప్రకారం 500ని 24తో భాగిస్తే ఇరవై సెకన్ల పైచిలుకు. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఆ ఇరవై సెకన్లూ మనుషులు కదలకూడదు. పన్నెండున్నరకల్లా 38 ఫ్రేములయ్యాయి.

"మేడమ్, అరుంధతి పడిందా?" అన్నారు రామారావుగారు.

"అది ఉత్తరం వైపు కదండీ. నా వెనక ఉంది."

విజయగారు నవ్వారు. "పెళ్లిలోనూ ఇంతే. పట్టపగలు పదకొండింటికి ఎండలో నిలబెట్టి, అదిగో అన్నారు. నేను కనబడిందన్నాను."

"నాకూ కనబడి చావలేదుగా. పంతులుగారు చూపించమన్నారు, చూపించాను" అని ఆయన నా వైపు తిరిగారు. "ముప్పై రెండేళ్లయిందండీ. ఫోటోలోనైనా చూద్దామనే ఫ్లైట్ ఎక్కాం."

అప్పటికే పడమటి నుంచి మబ్బు పైకి వస్తోంది. ట్రైపాడ్ ఉత్తరానికి మార్చి, ఇద్దరినీ ఆ వైపు నిలబెట్టి, కెమెరాను నిలువుగా తిప్పాను. సప్తర్షుల తోక మధ్యలో పెద్ద చుక్క, దాన్ని ఆనుకుని చిన్న చుక్క అని విజయగారికి గుర్తు చెప్పాను.

"ఏవండీ, నిజంగానే ఉంది" అన్నారావిడ మెల్లగా. ఆయన మణికట్టు పట్టుకుని, ఆయన వేలినే అటు ఎత్తి చూపించారు. "ఇదిగో, ఇక్కడ."

నేను షట్టర్ తెరిచి పైకి ఇరవై లెక్కపెట్టాను. మూడు ఫ్రేములు వచ్చాయి. నాలుగో దానికి మబ్బు కమ్మేసింది. మొదటి దాంట్లో ఎత్తిన వేలు కదిలిపోయింది. రెండో దాంట్లో విమానం గీత పడింది. మూడోది నిలిచింది.

అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా, అమావాస్య ఎప్పుడో చూసేముందు, ఆకాశంలో మీకు కావలసింది ఏదని అడుగుతున్నాను. 38 ఫ్రేములు ఒక్క ప్రశ్నకు సాటిరాలేదు.

జులైలో ప్రింటు వాళ్లింటికి నేనే పట్టుకెళ్లాను. మూడడుగుల ఎత్తున్న ఆ ప్రింటులో ఆ రెండు చుక్కల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచాను. రామారావుగారు కిటికీ దగ్గర నిలబడి, కాగితానికి ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు.

"కనబడింది" అన్నారు.

విజయగారు నా వైపు చూశారు. ఏదైనా రెండుసార్లు సరిచూసుకుంటే గాని ఒప్పుకోని నేను, ఆ మాట ఒక్కటీ సరిచూసుకోలేదు.