మందు డబ్బాల పోటీ

తప్పు నాదే. పిల్లలది కాదు, వాళ్ళ నాన్నలది కాదు, పురుగుది అసలే కాదు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే తరవాత కాస్త గొప్పలు పోయినా చెల్లుతుంది కదా అని ఒప్పుకుంటున్నాను.

మాది మంగళగిరి, మగ్గాల ఇల్లు. పోగు తెగితే ముడేసుకోవడమే తప్ప పారెయ్యడం తెలియని వంశం. అలాంటివాణ్ణి అద్దంకి అవతల మిరప చేల మధ్య ఒక హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పడానికి చేరి, ఏడాది తిరక్కుండానే పర్యావరణాన్ని ఉద్ధరించడానికి నడుం కట్టాను. తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి డబ్బాలు పెట్టించాను.

"కారప్పొడి ఎందులో వెయ్యాలి సార్?" అంది ఆరో తరగతి.

"అన్నంలో" అన్నాను.

పిల్లలు పగలబడి నవ్వారు. ఎవరన్నా నవ్వితే నాకు ఒళ్ళు తెలీదు. ఆ ఊపులోనే మర్నాడు ప్రార్థన దగ్గర ప్రకటించేశాను: "ఇంట్లో, చేలో పారేసిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు తీసుకురండి. కోసి కుండీలు చేసి గోంగూర వేద్దాం, మధ్యాహ్న భోజనానికి పనికొస్తుంది. ఎక్కువ తెచ్చిన తరగతికి క్రికెట్ బ్యాటు!"

నా బుర్రలో ఉన్నవి మంచినీళ్ళ సీసాలు, నూనె డబ్బాలు. ఊరి బుర్రలో ఉన్నవి వేరు. అప్పుడు మిరప పూత మీదుంది, పూత మీద తామర పురుగుంది, పురుగు మీద ఊరంతా పగబట్టి ఉంది. ఏ గట్టు మీద చూసినా ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలే. చేలో వేస్తే నాగలికి అడ్డం, ఇంటికి తెస్తే ఆడవాళ్ళ తిట్లు. వాటినేం చెయ్యాలో తెలీక కొట్టుకుంటున్నవాళ్ళకి నేను దేవుడిలా దొరికాను.

సోమవారం పొద్దున్నే గోతాల్లో వచ్చాయి. నాన్నల మోపెడ్ల మీద వచ్చాయి. ఎనిమిదో తరగతి వాళ్ళవి ఏకంగా ట్రాక్టర్ ట్రక్కులో వచ్చాయి.

"ఇన్నాళ్ళకి మాకు పనికొచ్చే పని చేశారండీ మాస్టారూ!" అని ఒక రైతు నా చేతులు పట్టుకుని ఊపాడు. ఆయన చేతుల వాసన నా చేతులకి అంటింది. అప్పుడర్థమైంది, ఆ వచ్చినవేమిటో.

నాకంటే ముందు మా వంటావిడకి అర్థమైంది. గరిటె పుచ్చుకుని వంటగదిలోంచి దూసుకొచ్చింది.

"ఏంది సారూ ఇది! ఈ డబ్బాల్లో గోంగూర వేసి పిల్లలకి పెట్టమంటావా? వేసుకో! నువ్వే పీక్కో, నువ్వే వండుకో, నువ్వే తిను. రెండు ముద్దలు తిన్నాక మాత్రం నన్ను పిలవమాక, ఆసుపత్రికి ఫోన్ చేసుకో!"

హెడ్‌మాస్టరు మేడమ్ పిల్లలందరినీ వరసలో నిలబెట్టి సబ్బుతో చేతులు కడిగించారు, నన్ను గదిలోకి పిలిచి తిట్టారు. నేను రబ్బరు తొడుగులు వేసుకుని, మూతికి తుండు కట్టుకుని, ఆ డబ్బాలన్నీ సైకిల్ షెడ్డులో పేర్చి తాళం వేశాను. తాళం వాసనని ఆపదు. షెడ్డు పక్కన వరండాలోనే పిల్లలు అన్నం తినేది. ఆ రోజు నుంచి కంచాలు పట్టుకుని తరగతి గదుల్లో, బెంచీల సందుల్లో ఇరుక్కుని తినడం మొదలుపెట్టారు. ఒక పిల్ల నల్లబల్ల కింద కూర్చుని పప్పన్నం కలుపుకుంటూ "సార్, మళ్ళీ వరండాలోకి ఎప్పుడెళ్తాం?" అంది. ఆ ముక్క మేడమ్ తిట్టినదానికంటే గట్టిగా తగిలింది.

పాత సామాన్లవాణ్ణి పిలిచాను. షెడ్డు తలుపు తీయగానే రెండడుగులు వెనక్కేశాడు. "మాకొద్దు సార్. ఊరికే ఇచ్చినా వద్దు." పంచాయతీ చెత్త బండివాళ్ళు మాత్రం ఉత్సాహపడ్డారు, ఊరి చివర పోసి తగలబెడతామని. ఆ పొగ ఎవరు పీల్చాలి? నేనే వద్దన్నాను. వ్యవసాయ ఆఫీసులో అడిగితే, అమ్మిన డీలరు ద్వారా కంపెనీకి వెనక్కి పంపించడమే మంచిదన్నారు.

ఊళ్ళో పురుగుమందుల కొట్టు ఒక్కటే. వెళ్ళాను. కొట్టాయన గల్లాపెట్టె వెనక నిండుగా కూర్చుని, నేను చెప్పిందంతా విని, తాపీగా తీర్పు చెప్పాడు.

"నిండు డబ్బా నాదండీ. ఖాళీ డబ్బా రైతుది. మీరు అడిగి మరీ తెప్పించుకున్నారు గనక, ఇప్పుడు మీది."

అరుగు మీద టీ తాగుతున్నవాళ్ళు గొల్లుమన్నారు. "చెత్త మాస్టారికి ఆస్తి బాగానే కలిసొచ్చిందిరోయ్!" అన్నాడొకడు.

నేను లేస్తుంటే కొట్టాయనకి జాలేసినట్టుంది. "అట్లా చిన్నబోమాకండి మాస్టారూ. బడికి ఇంకో ఫ్యానిస్తాలే. నా పేరు మాత్రం ఈసారి పెద్దక్షరాలతో రాయించండి. పోయినసారి రాయించింది కనపడి చావటంలా."

కనపడదు మరి. మా బళ్ళో ఏ వస్తువు మీద చూసినా దాత పేరుంటుంది. బీరువా మీద, గంట మీద, మంచినీళ్ళ ట్యాంకు మీద, చివరికి ఫ్యాను రెక్కల మీద కూడా. ఫ్యాను తిరుగుతుంటే పేరెవరు చదువుతారు? మా దాతల కీర్తి కరెంటు పోయినప్పుడే వెలుగుతుంది.

దారిపొడుగునా ఆయన మాటే నమిలాను. పెద్దక్షరాలు కావాలి. సరే.

ఆదివారం ఎర్ర రంగు డబ్బా, నిచ్చెన పట్టుకెళ్ళి, రోడ్డువైపున్న షెడ్డు గోడ మీద నా చేత్తోనే రాశాను. "ఇందలి పురుగుమందు డబ్బాల దాత" అని ఒక వరస. కింద ఆయన పేరు, ముందు శ్రీ, వెనక గారు, ఒక్కో అక్షరం మూరెడు. సోమవారం మేడమ్ గేటు దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని, మనసులోనే చదువుకుని లోపలికెళ్ళారు. ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్ళు మాత్రం పైకే చదివారు. కండక్టరు ఇంకా గట్టిగా చదివాడు.

మూడో రోజుకి కొట్టాయన ఫోన్.

"ఏంది మాస్టారూ ఇది? బస్టాండులో నా పరువు తీశారు!"

"మీరేగదండీ పెద్దక్షరాలన్నారు."

మధ్యాహ్నానికల్లా ఆయన మినీ లారీ వచ్చింది. తొడుగులు వేసుకున్న మనుషులు డబ్బాలన్నీ ఎక్కించారు. కంపెనీ డిపోకి పంపిస్తున్నట్టు ఆయన చేతే రాయించుకుని సంతకం పెట్టించుకున్నాను. షెడ్డు కడిగించాం. రెండు రోజులాగి, వాసన పోయిందని వంటావిడ ముక్కుతో తేల్చాక, పిల్లలు కంచాలతో వరండాలోకి పరిగెత్తారు.

ఆ సాయంత్రం కొట్టాయన స్వయంగా వచ్చాడు. "డబ్బాలు పోయినయ్యిగా. ఇంక గోడ మీద సున్నం కొట్టించండి."

"తప్పకుండా కొట్టిస్తామండీ" అన్నాను, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా. "సున్నానికే ఇంకా దాత దొరకలేదు."