కట్టలో లేని బొమ్మలు

సుంకులమ్మకు కోపమెక్కువని ఆదోనిలో ఆ వీధి వీధంతా చెప్పుకునేది. ఎనభైల్లో ఆమె పత్తి ఏరే పనికి మిల్లుకు వెళ్లే రోజుల్లో మేస్త్రీ కూడా ఆమె ముందు గొంతు తగ్గించే మాట్లాడేవాడు. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే తమ ఇళ్లలోని సంగతులు కూడా బయటికొస్తాయని భయమేమో!

ఆమె మొగుడు శేషప్ప చిలక జోస్యం చెప్పేవాడు. సంత రోజు ఎమ్మిగనూరు, మిగతా రోజులు ఆదోని మార్కెట్ ముందు, శ్రావణమాసం వస్తే ఉరుకుంద ఈరన్న జాతరలో మకాం. అతనికి మంచి పేరుండేది. ఆ పేరు ఊరికే రాలేదు. చిలక కార్డు లాగగానే మిగతా జోస్యగాళ్లలా గడగడా వల్లించేవాడు కాదు. బొమ్మను మనిషి చేతికే ఇచ్చి, "దీన్ని సూస్తే నీకేం గుర్తొస్తాంది? నీ మనసులో భయమేంది? నువ్వే సెప్పప్పా" అనేవాడు. మొదట నీళ్లు నమిలిన మనిషి కాసేపటికి కడుపులో ఉన్నదంతా బయటపెట్టేవాడు. అల్లుడి తాగుడు, ఎండిపోయిన బావి, పక్క చేనివాడితో తగాదా. చెబుతూ చెబుతూ ఉండగానే సగం మందికి ఏం చేయాలో తోచేది. ఊళ్లవాళ్ల భయాలన్నీ అంత ఓపికగా విన్న మహానుభావుడికి ఇంట్లో పెళ్లాం మాట వినడానికి మాత్రం చెవులు పనిచేయలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో సుంకులమ్మ చేతికి రొమ్ములో గడ్డ తగిలింది. చింతగింజంత ఉంది. పక్కింటి షాహిదాబీ వీధిలో అందరికీ పురుళ్లు పోసిన మనిషి. ఆమె పట్టి చూసి, మారు మాట లేకుండా ఆదోని ఆసుపత్రికి లాక్కుపోయింది. అక్కడి డాక్టరమ్మ కర్నూలు వెళ్లి ఆపరేషన్ చేయించుకోమంది. మొగుడు వెంట ఉండి కాగితం మీద వేలిముద్ర వేస్తే తప్ప కోయరని కూడా చెప్పింది.

ఆమె ఇంటికొచ్చి చెబితే శేషప్ప అంతా విన్నాడు. లేచి పంజరం తలుపు తీసి, చిలక చేత పెళ్లాం పేరు మీద ఒక కార్డు తీయించాడు.

"సూడు, లక్ష్మీదేవి వచ్చింది. అంతా మంచే. గడ్డ దానంతటదే కరిగిపోతాది" అన్నాడు.

ఆమె నమ్మింది. నమ్మాలని ఉంది గనక నమ్మింది. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా అదే తంతు. ఉగాది పోనీ అన్నాడు. ఈరన్న జాతర కానీ అన్నాడు. కార్డు తీయిస్తే ఒకసారి రాముల పట్టాభిషేకం, ఇంకోసారి వెంకటేశ్వరస్వామి. ఏడాది తిరిగేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది.

ఒకనాడు అతను ఎమ్మిగనూరు సంతకు పోయినప్పుడు, పాత గుడ్డ కోసం ట్రంకుపెట్టె వెతుకుతుంటే చిన్న మూట కనబడింది. విప్పింది. చిలక కార్డులే. శని, పడగెత్తిన పాము, అశోకవనంలో సీత, కాటిలో హరిశ్చంద్రుడు. అంతకు కొన్నేళ్ల ముందు ఉరుకుంద జాతరలో గోనెగండ్ల రైతు ఒకాయనకు ఇలాంటి బొమ్మే వస్తే, ఆయన మండిపడి పంజరాన్ని కాలితో తన్నాడు. ఆనాటి నుంచి శేషప్ప చెడ్డ బొమ్మలన్నీ కట్టలోంచి తీసేశాడు. ఆ సంగతి సుంకులమ్మకు తెలియంది కాదు. తన పేరు మీద తీయించిన కార్డులు కూడా ఆ కట్టలోవేనని మాత్రం ఇన్నాళ్లూ తోచలేదు. మంచి బొమ్మ తప్ప ఇంకోటి లేని కట్టలోంచి చిలక మాత్రం ఏం తీస్తుంది?

ఒళ్లు మండిపోయింది. మొగుడి మీద ఎంత మంటో తన మీద అంతకు రెట్టింపు. కార్డులు చించిపారేద్దామని పట్టుకుంది కూడా. మళ్లీ ఏమనుకుందో, వాటిని చాప మీద పరిచి, అతను ఊరందరినీ అడిగే ప్రశ్నే తనను తాను అడుక్కుంది. నీ భయమేంది?

శనిని చూసింది. ఏమీ అనిపించలేదు. పాము బొమ్మా అంతే. హరిశ్చంద్రుడి వెనక మండుతున్న చితిని చూసింది. చావా? చూపు తిప్పుకోవాలనిపించలేదు. ఆ బొమ్మలోనే ఒక మూల చంద్రమతి ఉంది. చచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని, కట్టుకున్నవాడికే చేతులు జోడించి వేడుకుంటోంది. అతను కాదంటున్నాడు.

"ఇదీ నా భయం. సావు కాదు. వీణ్ని అడిగి అడిగి, కాదనిపించుకుని సచ్చేది" అని పైకే అంది.

పొద్దుగూకే వేళకు శేషప్ప వచ్చాడు. అతను పంజరం దించీ దించకముందే ఆ బొమ్మ అతని చేతిలో పెట్టింది.

"ఏందే ఇది? జోస్యగాడు తనకు తాను కార్డు తీయించుకోగూడదు, తెల్దా?"

"సిలక తీయలేదు, నేను తీసినా. ఊరందరినీ అడుగుతావు గదా, ఇప్పుడు నేనడుగుతాండా. నీ భయమేందయ్యా?"

అతను అరిచాడు. కొడతానని చెయ్యెత్తాడు. ఆమె కదల్లేదు. ఎత్తిన చెయ్యి దిగిపోయి, అతను గోడకానుకుని కూలబడ్డాడు.

"మా యమ్మకు ఆపరేషన్ జేసేటప్పుడు వేలిముద్ర యేసింది నేనే. మళ్లా లెయ్యలేదు. నేనే సంపినట్టాయ. ఇంగొకసారి నా సేత గాదు."

ఆమెకు జాలి వేసింది. అది ఒక్క క్షణమే. తర్వాత ముందుకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

"ఈ మాట పోయినేడే సెప్పింటే ఇద్దరం ఏడ్సి బస్సెక్కుంటిమి గదయ్యా! నీ యేలికి భయమని నా పానం మీదికి తెస్తివా?"

మర్నాడు పొద్దున బస్సుకు కర్నూలు పోయారు. డాక్టరు పరీక్ష చేసి, ఏడాది కిందట వచ్చుంటే చిన్న పనితో పోయేదని, ఇప్పుడు రొమ్ము మొత్తం తీసేయాలని చెప్పాడు.

వరండాలోకి రాగానే శేషప్ప తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అక్కడున్న నలుగురూ అతని చుట్టూ చేరారు. "ఊరుకో అన్నా, ధైర్యంగుండు" అని ఒకరు వీపు నిమిరారు, ఒకరు నీళ్లిచ్చారు. ఆమె వంక చూసినవాళ్లు లేరు.

నర్సు చేతిలోంచి కాగితమూ సిరా డబ్బా సుంకులమ్మే తీసుకుంది. జనాన్ని తోసుకుని పోయి మొగుడి ముందు నిలబడింది.

"కోసేది నన్ను. నువ్వు ఏడ్సేది తర్వాత ఏడ్సుకో. ముందు యేలు తే."

అతని బొటనవేలు తానే పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది.