పదకొండు గుడ్లు పొదగేసిన నర్సమ్మ

ఆ వీధిలో ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో సగం మంది ఈ లోకంలోకి వచ్చి మొదట చూసిన మొహం నర్సమ్మదే. మొదట తిన్న దెబ్బ కూడా ఆవిడదే. ప్రసూతి వార్డులో ముప్పై మూడేళ్లు పనిచేసి, ఏడవని పిల్లల్ని చరిచి ఏడిపించిన చెయ్యి అది. ఉద్యోగం వదిలి నాలుగేళ్లయినా ఆ చేతికి మాత్రం రిటైర్మెంటు రాలేదు. ఎవరింట్లో పాలు పొంగినా తనే దించాలి, ఎవరి పిల్ల జడ వదులైనా తనే బిగించాలి. కాస్త ఆగమ్మా అంటే ఒంటికాలి మీద లేస్తుంది.

ఇంట్లో ఉండేది ఇద్దరు. ఆవిడ, ఆవిడకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైన తమ్ముడు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు. గోరుముద్దలు పెట్టి, తినకపోతే ముక్కు మూసి మింగించి, అతన్ని పెద్ద చేసింది అక్కే. పెద్దయ్యాక బస్సులకు రంగు కొట్టే షెడ్డులో కుదిరాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం నామోషీ అనుకుని ఇరవై ఆరేళ్లు ఆ రంగునే పీల్చాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో గాలికి చోటు లేదు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, నర్సమ్మ వైపు తిరిగి, "మీకు చెప్పేదేముందమ్మా" అన్నాడు. నిజంగానే చెప్పేదేమీ లేదు. అలాంటి మాట ఆవిడ కూడా ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పింది.

తమ్ముడికి పెళ్లాం లేదు, పిల్లలు లేరు. కోళ్లున్నాయి. అవి బోడమెడ జాతి. మెడ మీద ఒక్క ఈక ఉండదు. తెలియనివాళ్లు చూస్తే ఎవరో సగం పీకి మనసు మార్చుకుని వదిలేశారనుకుంటారు. తమ్ముడి కంటికి మాత్రం అవి నెమళ్లు. పద్దెనిమిదేళ్లుగా మరో పుంజును పెరట్లో అడుగు పెట్టనివ్వకుండా ఆ జాతిని కాపాడుకుంటూ వచ్చాడు. అతను మంచం పట్టాక గూడు చూసుకునే దిక్కు లేకపోయింది. తలుపు చెక్క పుచ్చిపోయింది. ఒకరోజు పట్టపగలే వీధికుక్క దూరి పుంజును, మూడు పెట్టల్ని చంపేసింది. మిగిలినవి ఒక నల్లపెట్ట, పుంజు బతికున్నప్పుడు పెట్టలన్నీ కలిసి పెట్టిన పదకొండు గుడ్లు.

ఆ రోజు నుంచి తమ్ముడు పాలు కూడా ముట్టలేదు. నర్సమ్మ అరిచింది, బతిమాలింది, చిన్నప్పటిలా ముక్కు మూయబోయింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు నల్లపెట్ట గూట్లోంచి లేవడం మానేసింది. దగ్గరికెళ్తే ఒళ్లంతా పొంగించి గుర్రుమంటోంది.

ఆ మాట చెప్పగానే తమ్ముడు ఇటు తిరిగాడు.

"పొదుగుకొచ్చిందక్కా అది. ఆ పదకొండూ వెయ్. ఇరవై ఒక్క రోజులు. ఈ జాతి మళ్లీ నడవడం చూసి పోతాను."

"పోతాను అన్నావంటే మూతి పగలగొడతాను. ముందు పాలు తాగు."

"పిల్లలు లేచేదాకా తాగుతాను. ఏం పెట్టినా తింటాను. తర్వాత నన్ను వదిలెయ్యాలి."

నర్సమ్మ ఒప్పుకుంది. ఇరవై ఒక్క రోజులు తిన్నవాడు ఇరవై రెండో రోజూ తింటాడులే అని ఆవిడ లెక్క. పిల్లలు కళ్ల ముందు తిరుగుతుంటే ఎవడికి పోవాలనిపిస్తుంది?

అలా మొదలైంది కోడి కాన్పు. తమ్ముడు మంచం మీంచి కిటికీలో చూస్తూ చెప్పడం, అక్క పెరట్లో చేయడం. వెడల్పాటి గంప తీసుకుంది. అడుగున తడి ఇసుక పోసి, మధ్యలో గుంట చేసి, పైన ఎండుగడ్డి పరిచింది. పక్కింటి దర్జీ కత్తిరింపు ముక్కలు సంచీడు ఇచ్చాడు. సాయంత్రం వెలుతురు తగ్గాక పెట్టను రెక్కలతో సహా రెండు చేతుల మధ్య పట్టుకుని గంపలోకి మార్చింది. పదకొండు గుడ్ల మీదా బొగ్గుతో గీత పెట్టింది. రోజుకొకసారి పెట్టను లేపి, గింజలూ నీళ్లూ చూపించి, రెట్ట వేయించి, అది బూడిదలో పొర్లి వచ్చేదాకా గడియారం పట్టుకుని నిలబడేది. ఊరికే నిలబడితే ఆవిడ నర్సమ్మ ఎలా అవుతుంది? గూటికి ఒక చార్టు వేలాడదీసింది. లేచిన టైము, కూర్చున్న టైము, మేత, నీళ్లు, విరేచనం.

దర్జీ గోడ మీంచి ఆ చార్టు చూసి, "జ్వరం కూడా చూస్తున్నారా నర్సమ్మగారూ?" అన్నాడు.

"ముందు నీ మిషను చూసుకో. పోయినసారి నా జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు కుట్టావు."

లోపల తమ్ముడు నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. అయినా నవ్వాడు కదా అని నర్సమ్మకు ఆ పూటంతా ఒళ్లు తేలికగా ఉంది.

ఏడో రోజు మధ్యాహ్నం సామాన్ల గదిలో తలుపులేసుకుని, గుడ్లను ఒక్కొక్కటే టార్చికి అడ్డం పెట్టి చూసింది. మూడింటిలో ఏమీ లేదు, ఖాళీ వెలుతురే. వాటిని తీసేసింది. మిగతా ఎనిమిదింటిలో ఎర్రటి సన్నని నరాలు, వాటి మధ్య కదిలే నలుసు కనిపించాయి. ఒక గుడ్డును పైటచెంగులో పెట్టుకుని తెచ్చి, దుప్పటి ముసుగు కింద తమ్ముడికి చూపించింది. అక్కాతమ్ముళ్లిద్దరూ ముసుగులో తల దూర్చి ఊపిరి బిగబట్టి చూశారు. ఆ రోజు అతను అడగకుండానే ఇంకో అరగ్లాసు పాలు తాగాడు.

రోజులు గడిచేకొద్దీ గుడ్లు బరువెక్కాయి, మనిషి తేలికయ్యాడు. పదిహేనో రోజుకు కూర్చోలేకపోయాడు. పద్దెనిమిదో రోజుకు కిటికీ వైపు తల తిప్పడానికి కూడా ఆవిడ సాయం కావాల్సి వచ్చింది. మాట మాత్రం ఉంది.

"ఇక నుంచి చెయ్యి పెట్టకు. పెట్టనూ లేపకు. మూడు రోజులు అది తినకపోయినా ఏం కాదు. లోపల పిల్ల తలకిందులవుతుంది, పైకొస్తుంది, బొక్క పెడుతుంది. బొక్క పెట్టాక ఒక రోజంతా ఊరికే పడుంటుంది. చచ్చిందేమోనని నీకు అనిపిస్తుంది. చావదు. ముట్టుకోకు."

"సరేరా."

"ముట్టుకోనని చెప్పు."

"ముట్టుకోనురా బాబూ, నర్సువి నువ్వా నేనా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నర్సమ్మ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం, మొదటి కాన్పు పిల్ల ఒకతె టేబుల్ మీద నొప్పులు పడుతోంది. బిడ్డ తల కనిపిస్తోంది, కదలడం లేదు. పెద్దావిడ, సీనియరు సిస్టరు, ఆగమంది. నర్సమ్మ ఆగింది. గంటసేపు ఆగింది. బిడ్డ నల్లగా కమిలిపోయి, ఊపిరి లేకుండా వచ్చాడు. మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆవిడ ఆగమన్న మాట వినలేదు. ఆ చేతులు ఎంతమందిని బతికించాయో లెక్కలేదు. ఆవిడ మీద ఎవరికైనా కోపం రావాలంటే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇరవై ఒకటో రోజు తెల్లవారుతూనే ఒక గుడ్డుకు సూదిమొనంత పగులు కనిపించింది. చెవి పెడితే లోపల సన్నటి కిచకిచ. నర్సమ్మ పరుగున వెళ్లి తమ్ముడి చెవిలో చెప్పింది. అతను కళ్లు తెరవకుండానే నవ్వి, "ఒకటి... ఇంకా ఏడు" అన్నాడు. ఎనిమిది గంటలకు రెండోదీ బొక్క పెట్టింది. తొమ్మిదయింది, పది అయింది, పదకొండయింది. బొక్క బొక్కలాగే ఉంది. లోపల తెల్లటి ముక్కు కొస కదిలి, ఆగి, మళ్లీ కదిలేది. లోపల గదిలో తమ్ముడి ఊపిరి కూడా అలాగే ఉంది. కదిలి, ఆగి, ఆవిడ లేచి చూసేసరికి మళ్లీ కదిలేది. నర్సమ్మ మంచానికీ గూటికీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగింది. పన్నెండున్నరకు మొదటి గుడ్డులో ముక్కు కదల్లేదు. పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టబోయి ఆగిపోయింది.

ఇక ఆవిడ వల్ల కాలేదు. పెట్టను లాగి వేరే గంప కింద మూసింది. గుడ్డును వంటింట్లోకి తెచ్చి, గోరువెచ్చని నీళ్లు, దూది, పట్టకారు పెట్టుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని కూర్చుంది. కాన్పు చేసినంత శుభ్రంగా, అంత నేర్పుగా చేసింది. పెంకు చిన్న చిన్న ముక్కలుగా ఒలిచింది. లోపలి పొర చిరగగానే రక్తం వచ్చింది. చుక్క కాదు, ధార. పొర నిండా నరాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పిల్ల వాటిలోని రక్తాన్ని ఇంకా లోపలికి లాక్కోలేదు. అందుకే అది ఊరికే పడుకుని ఉంది. ఇంకో పూట ఆగితే దానంతటదే లేచేది. నర్సమ్మ దూదితో అదిమింది. ఆవిడ వేలికింద అది రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

రెండోది కూడా ఇలాగే పోతుందన్న భయంతో దాన్నీ ఒలిచింది. అదీ పోయింది. ఆ భయంలో అర్థం లేదని ఆవిడకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలియలేదు.

పెరట్లోకి వచ్చేసరికి రెండు గంటలు గడిచిపోయాయి, గుడ్లు చల్లబడిపోయాయి. గంప కింద నల్లపెట్ట కొట్టుకుని కొట్టుకుని ముక్కు మీద రక్తం తెచ్చుకుంది. వదలగానే గుడ్ల మీద కూర్చోలేదు. అటూ ఇటూ తొక్కింది, అరిచింది, రెండు గుడ్లు పగలగొట్టింది. మిగతావి నర్సమ్మ వేడినీళ్ల సీసాల మధ్య పెట్టి, దర్జీ ఇచ్చిన గుడ్డముక్కలన్నీ కప్పి, సాయంత్రం దాకా ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ముందు అన్నింట్లోనూ చప్పుడుంది. తర్వాత రెండింట్లోనే ఉంది. దీపాలు పెట్టే వేళకు ఏ గుడ్డులోనూ లేదు.

మొహం కడుక్కుని, పాలగ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లింది.

"ఎన్ని లేచాయక్కా?"

"ఎనిమిదీ లేచాయిరా."

అతని మొహం విచ్చుకుంది. "కిటికీ తెరువు, వింటాను" అన్నాడు. తెరిచింది. పెరట్లో పెట్ట ఒంటరిగా గొంతు సాగదీసి ఒకసారి అరిచింది. తర్వాత ఏమీ వినిపించలేదు. పద్దెనిమిదేళ్లు కోళ్లు పెంచినవాడి దగ్గర ఆ అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది?

"పిల్లలున్న పెట్ట ఇలా అరవదక్కా" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "చెయ్యి పెట్టావా?"

"పెట్టాన్రా." నర్సమ్మ మంచం పట్టె పట్టుకుని కింద కూలబడింది. "ఊపిరి ఆగిపోయిందనుకున్నాను. నేనే చంపాను. అన్నింటినీ నేనే చంపాను."

గింజలు ఒలికినా, నీళ్ల తొట్టి కడగకపోయినా అక్కను తిట్టిపోసే మనిషి. ఇవాళ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది.

"ఒకదాన్ని తీసుకురా. చూస్తాను."

రెండో పిల్లను తెచ్చింది. మామూలుగా పసిబిడ్డను చుట్టినట్టే మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చింది. అలవాటు మరి. అతని అరచేతిలో పెట్టి, ఆ చెయ్యి జారకుండా కింద తన చెయ్యి పట్టింది. అతను దాని మెడ మీద మెల్లగా ఊదాడు. మెడ బోడిగా ఉంది, నున్నగా, ఎర్రగా. బొటనవేలితో దాన్ని రాశాడు.

"మంచి జాతే" అన్నాడు. "వేరేది కలవలేదు."

నర్సమ్మ పిల్లను తీసుకుంది. అతను పాలగ్లాసు వైపు చూశాడు.

"అది తీసుకెళ్లిపో అక్కా. ఇంక వద్దు."

ఆవిడ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఒక్క గుక్క అని బతిమాలడానికి నోరు తెరిచింది. అతను అప్పటికే గోడ వైపు తిరగడానికి తంటాలు పడుతున్నాడు, ఒంట్లో ఆ శక్తి కూడా లేదు. నర్సమ్మ గ్లాసు కింద పెట్టి, తమ్ముడి భుజం కింద చెయ్యి వేసి, మెల్లగా గోడ వైపు తిప్పి పడుకోబెట్టింది.