మా అవ్వ టౌనుకు పెట్టిన పేరు

కాలేజీలో చేరిన ఆ రోజుల్లో నాకు అన్నం లేకపోయినా గడిచేది గానీ, ఎవరైనా ఒక మాట అంటే తిరిగి ఒకటి అనకుండా గడిచేది కాదు. పోనీ, ఆ మాట వెంటనే తోచేదా అంటే అదీ లేదు. తమిళనాడులోని మా పల్లె మహేంద్రమంగళం నుంచి ధర్మపురి టౌను దాకా బస్సులో పోతూ వస్తూ వెతుక్కునేదాన్ని. అది దొరికేసరికి అవతలివాళ్ళు తామేమన్నారో మరిచిపోయి ఉండేవారు. ఆ బస్సు ఆడవాళ్ళకు టిక్కెట్టు లేని టౌన్ బస్సు, ముందు భాగమంతా గులాబీ రంగు. (పేరుకు టౌన్ బస్సే గానీ టౌనువాళ్ళు ఒక్కరూ ఎక్కరు.) అందుకని పల్లెల నుంచి వచ్చే మమ్మల్నందరినీ టౌను పిల్లలు ‘పింకు’ అనేవారు. ఆ పేరు పెట్టింది మా క్లాసు అమ్మాయే. వాళ్ళ ఇల్లు నాలుగు రోడ్లు కలిసే సర్కిల్ పక్కన ఉండేది, ఆ సర్కిల్‌ను అక్కడ రౌండానా అంటారు కాబట్టి మేం ఆమెను రౌండానా అనేవాళ్ళం. కానీ అది ఒక్క మనిషికి సరిపోయే పేరు. నాకు కావలసింది టౌను మొత్తానికి సరిపోయే పేరు.

ఆ పేరు మా అవ్వ నోటి నుంచి ఊడిపడింది. అవ్వ అప్పటికీ కూలికి పోయేది. కళ్ళు మసకబారుతున్నాయంటే ఒకరోజు క్లాసు ఎగ్గొట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే ఎండ మండిపోతోంది, మా సీసాలో చుక్క నీళ్ళు లేవు. అవ్వ గొంతెండిపోయిందంటే, ఎదురుగా ఉంది కదా అని, అయిష్టంగానే రౌండానా వాళ్ళ తలుపు తట్టాను. వాళ్ళమ్మ ఫోన్‌లో ఎవరినో బతిమాలుతోంది. “అన్నా, రెండు రోజులైంది, ఈరోజైనా వాటర్ క్యాన్ వేయండన్నా” అని. అయినా మమ్మల్ని కూర్చోబెట్టి, అడుగంటిన క్యాన్‌ను పక్కకు వంచి, లోటాలో నీళ్ళు పోసి ఇచ్చింది. రోడ్డు మీదికి వచ్చాక అవ్వ వెనక్కి తిరిగి ఆ ఇంటిని చూసింది.

“ఇంత పెద్ద మిద్దె కట్టుకున్నారు, తాగే నీళ్ళకి ఎవడో వస్తాడని వాకిలి చూస్తా కూర్చోవల్ల. పాపం, క్యానోళ్ళు” అనింది.

నాకు ఒళ్ళు పులకరించింది. మర్నాడు బస్సులో ఆ కథ చెప్పాను. చెప్పేటప్పుడు లోటాడు నీళ్ళు అరలోటా అయ్యాయి, రౌండానా వాళ్ళమ్మ మొహం చిట్లించింది, అవ్వ జాలి కాస్తా వెటకారమైంది. (అబద్ధం ఆడుతున్నాననుకోలేదు, కథ చిక్కబడుతోందనుకున్నాను.) బస్సంతా పడీపడీ నవ్వింది. పదిరోజుల్లో ఆ మాట ఏరియూరు బస్సుకు పాకింది. నల్లంపల్లి పిల్లలైతే ఈమధ్యే టౌనుకు కాపురం మార్చినవాళ్ళకు ‘అరక్యాను’ అని ఇంకో మెట్టు కట్టారు. నా జీవితంలో అంత సంతోషంగా ఎన్నడూ కాలేజీకి పోలేదు.

అయితే తమిళంలో ‘కేన’ అంటే తెలివితక్కువ మనిషి. మేం తెలుగులో క్యానోళ్ళంటే టౌను చెవులకు అది ‘కేనోళ్ళు’ అని వినబడింది. రౌండానా ఏడుస్తూ తమిళశాఖ పెద్ద మేడం దగ్గరికి పోయింది. మేడం నన్ను పిలిపించి, “తోటి పిల్లల్ని మూర్ఖులంటావా? రేపు ఇంట్లో పెద్దవాళ్ళతో రా. లేకపోతే నీకు హాల్ టికెట్ లేదు” అన్నారు. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. నాన్న బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, అమ్మ టమాటా కోతకు పోయింది. అవ్వే వచ్చింది.

అవ్వ మేడంతో మాట్లాడింది తమిళంలోనే గానీ, తలుచుకుంటే ఇప్పటికీ నాకు మా ఇంటి మాటల్లోనే వినబడుతుంది.

“ఆ మాట నాది తల్లీ. పిల్ల మోసింది, అంతే. తిట్టాలంటే నన్ను తిట్టండి.”

“మీరెందుకలా అన్నారు పాటీ?” అన్నారు మేడం. పాటీ అంటే తమిళంలో అవ్వ.

“ఆ పొద్దు ఈ పాప ఇంట్లో నీళ్ళు అడిగినాను. క్యాన్లో నీళ్ళు వాళ్ళకే చాలవు. అయినా లోటా నిండా వంచి ఇచ్చినారు. నీళ్ళిచ్చిన ఇంటిని కేన అంటే నా నాలుక పడిపోదా? క్యాన్ కోసం కాచుకునేవాళ్ళు గదా అని క్యానోళ్ళు అన్నాను.”

మేడం నావైపు తిరిగారు. “మరి అరలోటా ఇచ్చారని బస్సంతా చెప్పావట?”

అవ్వ కూడా నావైపు తిరిగింది. ఆసుపత్రిలో కనబడటం లేదన్న కళ్ళు అవి. నా మొహం వాటికి బాగానే కనబడింది.

“నిండుగానే ఇచ్చినారు” అన్నాను. “నేనే తగ్గించి చెప్పినాను.”

రౌండానా అప్పటిదాకా గోడవైపు చూస్తూ నిలబడి ఉంది. “పాటీ, మీరు వెళ్ళాక ఇంట్లో నీళ్ళే లేవు. అమ్మ ఆరోజు కాఫీ కూడా పెట్టలేదు” అంది మెల్లగా. ఆ ముక్క మాత్రం నాకు తెలియదు. ఆమెకేసి చూడలేక నేల చూశాను.

“తల్లీ, మీ ఇంట్లో ఎట్ల?” అని అవ్వ మేడంను అడిగింది.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మాకూ క్యానే పాటీ.”

“అట్లయితే మీరూ క్యానోళ్ళే” అనింది అవ్వ, పెళ్ళిచూపుల్లో గోత్రం తేల్చినంత గంభీరంగా. ముందు నవ్వింది రౌండానాయే. తర్వాత మేడం. నేను నవ్వొచ్చో లేదో తెలియక అవ్వను చూశాను.

హాల్ టికెట్ వచ్చింది, దానితోపాటు శిక్షా వచ్చింది. శాఖ వార్షికోత్సవంలో ‘పింకు’, ‘క్యాను’ ఎలా పుట్టాయో నేనూ రౌండానా ఒకే మైకు ముందు నిలబడి చెప్పాలి. చెప్పాం. పింకు పుట్టుక ఆమె ఒప్పుకుంది, అరలోటా సంగతి నేను ఒప్పుకున్నాను. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, మొదటి బహుమతి మాకే. మేడం అవ్వను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పితే, ఇంత ఎండలో దుప్పటి ఎందుకని నా చెవిలో అడిగింది.

ఇది జరిగి మూడేళ్ళయింది. మొన్న బస్టాండులో టీ తాగుతుంటే పక్కన ఒకాయన స్నేహితుడితో గొప్పగా అంటున్నాడు, “మేం మూడు తరాలుగా క్యానోళ్ళం. మా తాత కాలం నుంచీ ఉన్న పేరు ఇది” అని. ఆ రోజుల్లోని నేనైతే ఆయన చొక్కా పట్టుకుని ఆపి, మా అవ్వ దగ్గర మొదలుపెట్టి కథంతా వినిపించి గానీ వదిలేదాన్ని కాదు. ఆ పిల్ల ఎంత ఆవేశంగా ఉండేదో తలుచుకుంటే ముద్దొచ్చింది. ఆయన నావైపు తిరిగి, “ఏమ్మా, నిజమేగా?” అన్నాడు.

“అవునన్నా, చాలా పాత పేరు” అని టీ పూర్తి చేశాను.