అగ్గిపుల్ల కట్టిన బ్యాటరీ

మా అక్కను మా వీధిలో అందరూ అగ్గిపుల్ల అంటారు. ఎదురుగా అనరు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? పక్కన నేనుంటాను కదా. ఒకసారి పాలడిపోలో ఒకావిడ నవ్వుతూ "మీ అగ్గిపుల్ల ఏం చేస్తోంది?" అంది. నేనేమన్నానో రాస్తే బాగుండదు. ఆవిడ మాత్రం ఆ మర్నాటి నుంచి పాలకు రెండు వీధుల అవతలికి వెళ్తోంది.

అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు కూడా నేనే తీరుస్తాను.

ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. పదకొండేళ్ళ కిందటి వరకూ అక్క ఎలక్ట్రిక్ సైకిళ్ళ వర్క్‌షాపులో బ్యాటరీలు కట్టేది. తొమ్మిదేళ్ళు ఒకే బల్ల, ఒకే స్టూలు. వేలెడంత సెల్స్ నలభై తీసుకుని వరసలుగా పేర్చాలి. వాటి మీద సన్నటి నికెల్ పట్టీ పెట్టి, రెండు రాగి మొనలున్న పెన్నుతో నొక్కితే చురుక్కుమని అతుక్కుంటుంది. కానీ అంతకంటే ముందు ప్రతి సెల్ ప్లస్ కొన మీద కాగితపు ఉంగరం ఒకటి అంటించాలి. అది లేకపోతే పట్టీ సెల్ అంచుకు రాసుకుని, ఇవాళ కాకపోతే రేపైనా మంట అంటుకుంటుంది. అన్నీ అయ్యాక లోపల "సరిచూశాను" అన్న చీటీ అంటించి మూత బిగిస్తారు. ఆ చీటీ మీద అక్క సంతకం ఉండేది.

ఒక బ్యాటరీ ఎవరి వరండాలోనో చార్జింగులో ఉండగా అంటుకుంది. మనుషులకేమీ కాలేదు, తలుపూ సోఫా కాలిపోయాయి. ఆ మసిలోంచి సగం మాడిన చీటీ తెచ్చి, యజమాని పనివాళ్ళందరినీ నిలబెట్టి, "ఉంగరాలు పెట్టకుండా అతికించింది ఈవిడే, చూడండి సంతకం" అన్నాడు. "నేను ఎప్పుడూ ఉంగరం మర్చిపోలేదండీ" అని మా అక్క ఒక్కటంటే ఒక్క మాట అంది. అంతే, సంచీ తీసుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఊరు ఆమెకు అగ్గిపుల్ల అని పేరు పెట్టింది, ఏ షాపువాడూ ఆమె చేతికి పెన్ను ఇవ్వలేదు. ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో కూర్చుని మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేస్తుంది. పక్కనే నా కుట్టుమిషను.

మా ఆయన కూడా ఆ వర్క్‌షాపులోనే పనిచేస్తారు. అక్కను తీసేశాక ఆ స్టూలు ఆయనకే ఇచ్చారు, ఇప్పుడు సూపర్‌వైజరు. అప్పట్లో ఇంట్లో పసిపిల్ల, మానేయమంటే గడవదు. అందుకని నోరు కుట్టేసుకున్నాను గానీ, యజమాని మీద కసి మాత్రం తగ్గలేదు. పదకొండేళ్ళు వాణ్ణి తిట్టని రోజు లేదు. పప్పు మాడినా వాడినే తిట్టేదాన్ని.

మొన్న వేసవిలో లెక్కల టీచరొకాయన మిక్సీ పట్టుకొచ్చాడు. మాటల్లో తన ఇంటి మెట్ల కింద పాత ఎలక్ట్రిక్ సైకిలు పడి ఉందని, కొన్న మూడు నెలలకే మోకాలు పట్టేసి మూల పెట్టేశానని అన్నాడు. ఎప్పుడు కొన్నారని అడిగాను. ఆయన చెప్పిన నెల వినగానే నా చేతిలో సూది ఆగిపోయింది. అంటుకున్న బ్యాటరీ కూడా ఆ నెలలో కట్టిందే.

"తీసుకెళ్ళండమ్మా, మెట్ల కింద చోటు ఖాళీ అవుతుంది" అన్నాడు మహానుభావుడు.

సైకిలు నిండా తుప్పు. టైర్లు పగిలిపోయాయి. వెనక చక్రంలోని మోటారుకు వెళ్ళే వైర్లను ఎలకలు శుభ్రంగా కొరికేశాయి. బ్యాటరీ డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు. స్క్రూల మీద వర్క్‌షాపువాళ్ళు అంటించిన ముద్ర కూడా అలాగే ఉంది. అక్క స్క్రూడ్రైవర్ తీసుకుంది. నేను గబుక్కున లాక్కున్నాను.

"ఇక్కడ విప్పొద్దక్కా. ఇంట్లో విప్పితే మనమే ఏదో మార్చామంటాడు. వాడి షోరూములో, వాడి అద్దాల బల్ల మీద, నలుగురి ముందు విప్పాలి."

"లోపల ఏముంటుందే?"

"నీ ఉంగరాలు ఉంటాయి. నలభైకి నలభై. నువ్వెలా కడతావో అందరూ చూస్తారు. వాడి మొహం నేను చూస్తాను."

అక్క చాలాసేపు ఆ ముద్ర వైపే చూసింది. "అయితే ముందు సైకిలు నడవాలి. దాని మీదే వెళ్దాం" అంది. పదకొండేళ్ళలో అక్క ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

ఇక చూడండి మా ముందుగది. ఒక పక్క స్కూలు యూనిఫారాలు, ఒక పక్క చక్రాలు. అక్క గొలుసును కిరసనాయిల్లో రెండు రోజులు నానబెట్టింది. బేరింగులు మార్చి, మోటారు వైర్లు ఒక్కొక్కటీ రంగు చూసి అతికించింది. చక్రం గాల్లో తిరిగినప్పుడు అక్క పసిపిల్లలా నవ్వింది. నేను నా యూనిఫారాల మీద గ్రీజు పడిందని అరిచాను గానీ, నాకూ ఏడుపొచ్చింది.

కొత్త బ్యాటరీకి నెలన్నర పట్టింది. పాత మైక్రోవేవ్ ఓవెన్ లోపలి ట్రాన్స్‌ఫార్మరుకు లావుపాటి రాగి తీగ చుట్టి, అతుకులు వేసే మిషను తనే చేసుకుంది. కొత్త సెల్స్ యాభై తెప్పించి, ఒక్కొక్కటీ నిండా చార్జి చేసి, వారం రోజులు కదపకుండా ఉంచి, మళ్ళీ కొలిచింది. కొలతను సెల్ ఒంటి మీదే సన్న అక్షరాలతో రాసింది. కాస్త తగ్గిన పదింటిని పక్కన పెట్టింది. కొంచెమేగా తేడా, వాడెయ్యవచ్చుగా అన్నాను.

"ఒక్కటి నీరసంగా ఉంటే మిగతావి దాన్ని మోస్తూ పాడవుతాయే" అంది. తర్వాత ఉంగరాలు. నలభై అంటించి, మళ్ళీ మొదటి నుంచి వేలితో తడుముతూ లెక్కపెట్టింది.

అతుకులు వేసేటప్పుడు నన్నూ ఒక తుక్కు పట్టీ మీద ప్రయత్నించమంది. నొక్కిన ప్రతిసారీ రెండు చిన్న చుక్కలు పడతాయి. అక్కవి నిటారుగా నిలబడ్డాయి. నావి కుడికి వాలిపోయాయి.

"ఎవరి చుక్కలు వాళ్ళవే. చేతిరాత లాంటివి" అని నవ్వింది. "మా మరిదివి ఎడమకు వాలేవి. నా దగ్గరే నేర్చుకున్నాడుగా, ఎంత చెప్పినా నిలబడలేదు."

నిజమే, మా ఆయనది ఎడమచేతివాటం. నా కత్తెర ముడితే దాని పదును పోయినట్టే.

ఆయనకు ఈ వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు. "పాత గొడవలు ఇప్పుడెందుకే?" అనేవారు. ఒకరోజు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆ పాత డబ్బాను గోనెసంచిలో పెట్టుకుని గడప దాటుతున్నారు.

"ఎక్కడికండీ?"

"ఇంట్లో ఉంచితే ప్రమాదం. తుక్కుకొట్లో ఇచ్చేస్తా."

సంచీ లాక్కున్నాను. యజమానికి భయపడి మా అక్క పరువును తుక్కుకొట్లో వేస్తారా అని ఇల్లు లేచిపోయేలా అరిచాను. ఆయన తల దించుకుని లోపలికి వెళ్ళిపోయారు. పిరికితనం అనుకున్నాను. ఆ డబ్బాను అప్పటి నుంచి నా కుట్టుమిషను కింద పెట్టుకుని, దాని మీద కాళ్ళు పెట్టుకునే కుట్టాను.

ఒక శనివారం పొద్దున్న అక్క సైకిలు ఎక్కింది. వెనక సీటు మీద నేను, నా ఒళ్ళో పాత డబ్బా. షోరూముకు వెళ్ళే దారిలో పెద్ద ఎత్తుంది. ఇద్దరం బరువైన మనుషులమే. దిగమంటుందేమో అనుకున్నాను. మోటారు గుర్రుమని ఒకసారి గొణిగి, మమ్మల్ని పైకి లాగేసింది. పాలడిపో ఆవిడ గేటు దగ్గర నోరు తెరుచుకుని చూసింది. నేను చెయ్యి ఊపాను.

షోరూములో ఏడెనిమిది మంది కొనేవాళ్ళున్నారు. వర్క్‌షాపు వెనకే కాబట్టి అక్క ముఖం చూడగానే పాత పనివాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చారు. మా ఆయన తలుపు దగ్గరే ఆగిపోయారు. నేను డబ్బాను అద్దాల బల్ల మీద దబ్బున పెట్టాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు యజమాని.

"మీ బ్యాటరీయే. ముద్ర చూసుకోండి, ఎవరైనా విప్పారేమో. అందరూ చూడండి బాబూ, రండి." యజమాని చూశాడు. ముద్ర బాగానే ఉందని తన నోటితోనే ఒప్పుకున్నాడు. అప్పుడు అక్క మూత విప్పింది.

మొదట కనిపించింది చీటీ. కింద అక్క సంతకం. పైన తేదీ మాత్రం వేరే చేతిరాత. నేను ఆ తేదీ గట్టిగా చదివి, సగంలో ఆగిపోయాను. అది మా అమ్మాయి పుట్టిన రోజు.

ఆ రోజు అక్క వర్క్‌షాపులో లేదు. ముందురోజు సాయంత్రం నుంచి ఆసుపత్రిలో నా మంచం పక్కనే ఉంది. నా గోళ్ళు దిగబడిన మచ్చ ఆమె మణికట్టు మీద ఇప్పటికీ ఉంది. ఆ మాటే అందరికీ వినిపించేలా చెప్పాను. "మరి ఆ రోజు ఈవిడ సంతకం ఎవరు పెట్టారయ్యా?" అని యజమాని మీదకు వెళ్ళాను.

"నేనే పెట్టానే" అంది అక్క నెమ్మదిగా. "వారానికి సరిపడా చీటీల మీద ముందే సంతకాలు పెట్టి డ్రాయర్లో ఉంచేదాన్ని. పని తెమలాలని. తేదీ తర్వాత వేసేవాళ్ళు. అది నా తప్పే."

ఆమె చీటీ తీసి పక్కన పెట్టింది. కింద పట్టీలు. ఒక అంచు ఎత్తి చూసింది. ఒక్క ఉంగరం లేదు. ఇది అక్క కట్టింది కాదని తేలిపోయింది, నేను విజయగర్వంతో వంగాను. అప్పుడే అక్క తన అరచేతిని పట్టీల మీద బోర్లించేసింది.

"చాలు. తేదీ దొరికింది కదా. పద ఇంటికి" అంది.

"చెయ్యి తియ్యక్కా."

"వద్దే. నా మాట విను."

అక్క కళ్ళలో నీళ్ళు. అంత అవమానం జరిగిన రోజు కూడా ఏడవని మనిషి. ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ నేనే లేపాను. పట్టీల నిండా చుక్కలు, రెండేసి, రెండేసి. అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి.

ఆసుపత్రికి ఆయన ఆ రోజు చీకటి పడ్డాక వచ్చారు. అర్జంటు ఆర్డరు, ఓవర్‌టైమ్ అన్నారు. వేళ్ళ మీద చిన్న చిన్న కాలిన మచ్చలుంటే, బిడ్డను ఎత్తుకునే ముందు నేనే వెన్న రాశాను.

తల తిప్పి తలుపు వైపు చూశాను. ఆయన ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నారు. యజమాని ఏదో నీళ్ళు నములుతున్నాడు, ఆర్డరు తొందర, ఉంగరాల స్టాకు అయిపోయింది, అప్పటి పరిస్థితులు వేరు అంటూ. అంటే వాడికీ తెలుసు. కానీ వాడు నాకు అప్పుడు కనబడలేదు. పదకొండేళ్ళు నేను పళ్ళు నూరింది ఒకరి మీద, రోజూ అన్నం వడ్డించింది ఇంకొకరికి.

పెళ్ళయి పదమూడేళ్ళు, ఆయన్ని ఎన్నడూ ఏకవచనంతో పిలవలేదు.

"ఇలా రా నువ్వు" అన్నాను.

వచ్చాడు.

"నాకు స్టూలు ఇస్తానన్నాడే..." అని గొణిగాడు. "చెబితే నా ఉద్యోగం కూడా పోయేది. పసిబిడ్డ..."

"నా బిడ్డను అడ్డం పెట్టుకోకు."

అక్క నా భుజం పట్టుకుంది. "వదిలెయ్యవే, నీ సంసారం" అంది. వదిలించుకున్నాను. ఆ చీటీని తిరగేసి, ఖాళీ వైపు పైకి పెట్టి, యజమాని జేబులోని పెన్ను లాగి బల్ల మీద పెట్టాను.

"ఈ బ్యాటరీ కట్టింది ఎవరో రాయి. ఆ కాలింది కూడా ఎవరు కట్టారో రాయి. మా అక్కను అగ్గిపుల్ల అన్నవాళ్ళందరికీ చూపించుకుంటాను. కింద నీ పేరు పూర్తిగా రాయి."

మా ఆయన ఒకసారి అక్కను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. తర్వాత ఎడమచేత్తో పెన్ను అందుకున్నాడు.