అమావాస్య నాటి దగ్గు

ఆ రోజు అమావాస్య, బజారంతా బంద్. దబీర్‌పురాలోని మా ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. దుకాణం కడగడానికి తాళంచెవులు అడిగేందుకు వచ్చిన జహంగీర్ భాయ్ గడప దగ్గరే ఆగిపోయాడు. అఫ్జల్‌గంజ్‌లోని మా ఎండుమిర్చి దుకాణంలో ఇరవై ఏళ్లుగా హమాలీ ఆయన.

"అక్కా, ఇంట్ల మిర్చి లేదు గదా. మరి గీ దగ్గేంది?"

"ఏమో భాయ్, మిర్చిల ఉండి ఉండి ఆదతైపోయింది."

"నై అక్కా. నీ దగ్గు నాకు ఎర్కే. గిది వేరే ఉన్నది. దవాఖానకు పో."

మిర్చి దుకాణంలో దగ్గని వాళ్లెవరు? బస్తా విప్పితే అందరం దగ్గుతాం, బుగ్గన బెల్లంముక్క పెట్టుకుని పని చూసుకుంటాం. రెండు నెలలుగా నేనూ అదే చేశాను. సాయంత్రాలు వచ్చే జ్వరాన్ని అలసట అనుకున్నాను. జాకెట్లు వదులైతే మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఎన్ని రోజుల నుంచి దగ్గు?" అని డాక్టరమ్మ అడిగితే "ఇరవై ఏళ్ల నుంచి" అన్నాను. ఆమె నవ్వలేదు. ఎక్స్-రే, కఫం పరీక్ష రాసింది.

"లంగ్ టీబీ. మిర్చి ఘాటుతో ఇది రాదమ్మా. కానీ ఆ ఘాటు చాటున దాక్కుంది. ఆరు నెలలు టాబ్లెట్స్, ఒక్క రోజు కూడా మానొద్దు" అంది, రిపోర్టులు చూసి. ఇంట్లో నాతో ఉండే మా అమ్మకూ, దుకాణంలో వాళ్లకూ పరీక్షలు చేయించమంది. అందరికీ నెగెటివ్ అని తేలిన రోజే జహంగీర్ భాయ్ వెళ్లి, మూసి ఉంచిన దుకాణం షట్టర్ ఎత్తాడు.

మందులు మొదలుపెట్టిన రెండో నెలలో నా కళ్లు పచ్చబడ్డాయి. నీళ్లు తాగినా వాంతి. "లివర్ తట్టుకోవట్లేదు" అని వార్డులో చేర్చి మందులు ఆపేశారు. తర్వాత ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నాకు బతకాలనుకునే ఓపిక కూడా లేదు.

ఇరవై మూడేళ్ల కిందట నాకు నల్గొండ వైపు టీచరు ఉద్యోగం వచ్చింది. అదే నెలలో, దుకాణం నడిపే మా బాపుకు పక్షవాతం. ఆర్డరు కాగితం బీరువాలో దాచి, దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. అలిసిపోయిన ప్రతి సాయంత్రం, వెళ్లని ఆ బడిని తలచుకుని బాధపడ్డాను. ఈ జబ్బుతో నేను మంచాన పడ్డాక, ఎప్పుడో పోయిన బాపును మనసులో తిట్టుకున్నాను కూడా.

వార్డుకు నన్ను చూడడానికి వచ్చిన జహంగీర్ భాయ్‌తో ఆ మాటే అన్నాను. "టీచరైతే గిట్ల పడి ఉండకపోతుంటి భాయ్."

ఆయన దానిమ్మ ఒలుస్తూ తలెత్తలేదు. "నువ్వు పోతే బాపు దుకాణం అమ్ముతుండె. నేను యాడ ఉంటుంటినో. నీ దగ్గు ఎవరు వింటుండె అక్కా?"

ఏడుపు ఆగలేదు. కొత్త ఊళ్లో నా దగ్గులో తేడా కనిపెట్టే మనిషి దొరికేవాడో లేదో, ఇక్కడ మాత్రం దొరికాడు. ఆ ఉద్యోగానికి వెళ్లనందుకు మొదటిసారి సంతోషించాను. మనసులోనే బాపుకు దండం పెట్టుకున్నాను.

ఆరు నెలలన్న మందులు ఎనిమిది నెలలు సాగాయి. ఇప్పుడు టీబీ లేదు. ఓపిక మాత్రం పూర్తిగా రాలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మాస్కు పెట్టుకుని ఒంటిపూటే గల్లా దగ్గర కూర్చుంటున్నాను. ఆర్డరు కాగితం బీరువాలోనే ఉంది, చూస్తే కోపం రావడం లేదు.

మీ పనిలోనూ దగ్గు మామూలే కావచ్చు. అది సెలవు రోజున కూడా వస్తుంటే, రెండు వారాలు దాటితే, కారణం మీకు మీరే చెప్పుకోకుండా పరీక్షకు వెళ్లండి.

మొన్న అమావాస్యకు జహంగీర్ భాయ్ తాళంచెవులు తీసుకున్నాక కూడా గడపలో కాసేపు నిలబడ్డాడు. లోపల నేను బియ్యం ఏరుతున్నాను. దగ్గు వినబడలేదు. వెళ్లిపోయాడు.